పట్టుచీరల నుంచి మిక్సీలకు

మా సావుకారి కుటుంబానికి అనంతపురంలో రెండు వ్యాపారాలు. అన్నగారే మా సావుకారి, ఆయనది నేను పనిచేసే పట్టుచీరల అంగడి. తమ్ముడిది నాలుగు వీధుల అవతల మిక్సీలు, ఫ్రిజ్‌లు, వాషింగ్ మిషన్లు అమ్మే షోరూము. కాగితాల మీద దాన్ని సిస్టర్ కంపెనీ అనేవాళ్లు. ఇద్దరు మగవాళ్లు పెట్టుకున్న దుకాణాలకు ఆ ఆడపేరు ఎందుకొచ్చిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఒక వేసవి పొద్దున పరుపుల మీద తెల్ల దుప్పట్లు పరుస్తుంటే సావుకారి నన్ను గల్లాపెట్టె దగ్గరికి పిలిచి, రేపటి నుంచి తమ్ముడి షోరూముకు పొమ్మన్నారు. జీతం అదే, సర్వీసు కూడా తెగదట.

"సిస్టర్ కంపెనీనే కదమ్మా. ఇంట్లో ఒగ గదిలో నుంచి ఇంగో గదిలోకి పోయినట్ల" అన్నారు.

నవ్వాలో ఏడవాలో తెలియక తలూపి వచ్చి, మిగిలిన దుప్పటి పరిచాను.

నేను ధర్మవరం నేతగాళ్ల ఇంటి పిల్లను. నాయన మగ్గం పక్కనే నాకు ఉయ్యాల కట్టారట. పెళ్లయి అనంతపురం వచ్చాక ఆ చీరల అంగడిలో చేరాను. నాకు అమ్మడం నేర్పింది అక్కడి సీనియరు. ఆయనదీ ధర్మవరమే. అందరం అన్నా అనేవాళ్లం. పెద్ద మీసాలు, కాస్త బొజ్జ. పెళ్లికూతురు సిగ్గుపడి చీర భుజాన వేసుకోకపోతే ఈయన లేచి, తన తెల్లచొక్కా మీద కొంగు వేసుకుని, కుచ్చిళ్లు చేత్తో పట్టుకుని అద్దం ముందు అటూ ఇటూ తిరిగేవాడు. "చూడు తల్లీ, నాకే ఇంత బాగుండాదంటే నీకెట్లుంటాదో!" అనేవాడు. పెళ్లివాళ్లు పడీ పడీ నవ్వేవాళ్లు. అంత నవ్వాక వట్టి చేతులతో పోవడానికి ఎవరికీ మనసొప్పేది కాదు. పొద్దున నాకు ఏ తప్పుకైనా చీవాట్లు పెట్టి ఉంటే, మధ్యాహ్నం తన క్యారియరులోని చెనిక్కాయల చట్నీ సగం నా గిన్నెలో వేసేవాడు. ఆయన మాట పడటం కూడా నాకు ఇష్టంగానే ఉండేది.

కొత్త షోరూములో కూర్చోవడమనేదే లేదు. చీరలు కూర్చుని అమ్మిన ఒళ్లు నాది, సాయంత్రానికి పిక్కలు పట్టేసేవి. మొదటి రోజు అలవాటుగా చెప్పులు బయట విడిచి లోపలికి వస్తే అక్కడి మేనేజరు కంగారుపడ్డాడు. నాకంటే చిన్నవాడు, మర్యాదస్తుడు.

"చెప్పులేసుకో అక్కా, ఈడ కరెంటు వస్తువులుండాయి" అన్నాడు.

సావుకారి తమ్ముడు మాత్రం ముఖం మీదే చెప్పేశారు. దసరా దాకా చూస్తారట. కుదిరితే ఉంటాను, కుదరకపోతే మానుకోవలసిందే. మా ఆయన ఆటో సంపాదన ఇంటి అద్దెకూ పిల్లల ఫీజులకూ చాలదు. అందుకే ఆ మాట విన్నప్పటి నుంచి నాకు తిండి సయించలేదు.

ఆ భయంలోనే ఘనకార్యం ఒకటి చేశాను. యాడికి అనే ఊరి నుంచి ఒక పెద్దామె కోడలిని వెంటబెట్టుకుని మిక్సీ కోసం వచ్చింది. ఎట్లైనా వీళ్లకు అమ్మి తీరాలనుకుని స్టాకు గదిలో నుంచి స్టూళ్లు తెచ్చి కూర్చోబెట్టాను, చల్లటి నీళ్లిచ్చాను. ఇక చూపించాలి కదా. ఒక్క చీర చూపించి కొనమంటే ఎవరు కొంటారు? బ్లేడు తీసుకుని అట్టపెట్టెల టేపులు కోసి, ఉన్న రకాలన్నీ బయటికి తీసి, జార్లు, మూతలు అన్నీ వాళ్ల ముందు పరిచాను. పెద్దామెకు హుషారొచ్చింది. ఎర్రది తీయ్ అంటుంది, నీలంది తీయ్ అంటుంది. నేనూ ఊపు మీద కోసుకుంటూ పోయాను. చివరికి ఆమె లేచి, "మళ్లొస్తాం పాపా, మావోన్ని పిల్చుకొని" అని వెళ్లిపోయింది. చీరల దగ్గర ఇది రోజూ ఉండేదే కాబట్టి నాకేమీ అనిపించలేదు.

మేనేజరు వచ్చి ఆ కుప్ప చూసి నిలబడిపోయాడు.

"ఇవన్నీ ఎవురు కోసినారక్కా?"

"నేనే. చూపియ్యకుండా ఎట్లమ్మేది?"

సీలు తెగిన పెట్టెను ఎవరూ కొత్తదిగా కొనరని, చూపించడానికే ప్రతి రకమూ ఒక్కొక్కటి బయట అరల్లో పెట్టి ఉంటుందని అతను నెమ్మదిగా చెప్పాడు. తర్వాత మెట్ల మీద తల పట్టుకుని కూర్చున్నాడు. కేకలు సావుకారి తమ్ముడు వేశారు. ఇంకొకసారి ఇట్లా జరిగితే దసరా దాకా కూడా ఆగేది లేదన్నారు.

ఆ మధ్యాహ్నం అన్నం తినకుండా నేరుగా అన్న దగ్గరికి వెళ్లాను. బేరానికి వచ్చిన వాళ్లు అప్పుడే వెళ్లినట్టున్నారు, ఆయన ముందు చీరలు కుప్పగా పడి ఉన్నాయి. కొనేవాళ్లు కూర్చునే వైపు నన్ను కూర్చోబెట్టి నీళ్లు తెప్పించాడు.

"ఏమి పాపా, మొగమట్లుండాది?"

అంతా చెప్పాను. "అన్నీ కోసినావా!" అని కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది. ఆ ధైర్యంతో అడిగేశాను.

"అన్నా, సావుకారితో నువ్వొక మాట చెప్పు. నన్ను మళ్లా ఈడికే పిల్చుకోమను. నీ మాట ఆయన తీసేయడు."

ఆయన నవ్వు ఆగిపోయింది. చెయ్యి చాచి కుప్పలో నుంచి ఒక చీర తీసుకుని మడత పెట్టడం మొదలుపెట్టాడు.

చీరలమ్మేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. మనిషి ఎదురుగా కూర్చుని ఉండగా చీరలు మడవకూడదు. కుప్ప నడుమెత్తు పెరిగినా, వాళ్లు ఒక్కటీ కొనకపోయినా, లేచి మెట్లు దిగేదాకా అట్లాగే వదిలేయాలి. మడవడమంటే ఇక లేచి వెళ్లమని చెప్పడమే. ఆ మర్యాద నాకు నేర్పినవాడే తలెత్తకుండా ఒక చీర మడిచి పక్కన పెట్టి, రెండోది అందుకున్నాడు.

"నీ చోటు ఈడ లేదు పాపా. పో. పోయి ఆ పని నేర్చుకో" అన్నాడు.

ఒళ్లు భగ్గుమంది. నీళ్లు ముట్టకుండా లేచి వచ్చేశాను. ఈ జన్మలో ఆయన ముఖం చూడకూడదనుకున్నాను. రాత్రి మా ఆయన ముందు అన్నను నోటికొచ్చినట్టు తిట్టి, తిట్టినందుకు మళ్లీ ఏడ్చాను.

రోషమే నాకు పని నేర్పింది. మోటార్ల సంగతి, వారంటీల సంగతి మేనేజరు చెబుతుంటే పట్టుదలగా నేర్చుకున్నాను. యాడికి పెద్దామె నిజంగానే కొడుకుతో వచ్చింది. సీలున్న పెట్టె ఇస్తే ససేమిరా అంది. "నేను చూసింది అది. నాకదే కావల్ల" అని తెరిచిన ఎర్రదే పట్టుకుపోయింది. దసరా వచ్చింది, పోయింది, నన్ను మానమని ఎవరూ అనలేదు. అన్న అంగడి ముందు నుంచి వెళ్లాల్సి వస్తే మాత్రం నేను తల తిప్పుకునేదాన్ని.

దీపావళి అయ్యాక తెలిసింది, పట్టుచీరల అంగడిలో పై అంతస్తు మూసేసి కొందరిని మానిపించారని. వాళ్లలో అన్న కూడా ఉన్నాడు. టీ తాగుతూ మేనేజరుతో ఆ మాట అంటే, అతను నా వైపు వింతగా చూశాడు.

"నీకు తెలీదా అక్కా? అది ఎండాకాలంలోనే అనుకున్న మాట. ఈడ ఒక్క చోటుండాదని ముందు ఆయన్నే పిల్చినారు. నేనే పోయి అడిగినా. మోకాళ్ల నొప్పులు, నిలబడలేను, ఆ పాపను తీసుకోండి అన్న్యాడు."

మోకాళ్ల నొప్పులట! పై అంతస్తుకు చీరల మూటలు భుజానేసుకుని చకచకా ఎక్కే మనిషికి. టీ గ్లాసు అక్కడే పెట్టేసి షోరూము వెనక్కి పోయి ఫోను చేశాను. ధర్మవరంలో ఇంటి దగ్గరే ఉన్నాడు. ఎవరిదో చిన్న అంగడిలో సాయంత్రాలు కూర్చుంటున్నాడట.

"ఏంటికన్నా నాకు చెప్పలేదు?"

"చెప్పింటే నువ్వు పోయింటివా?"

"పోయుండను."

"అదే మరి."

నాకు ఏడుపు ఆగలేదు. ఆయనకు వినపడకూడదని ఫోను దూరంగా పట్టుకున్నాను. ఆ మనిషిని నేను ఎన్నెన్ని మాటలన్నానో! కొంగుతో ముఖం తుడుచుకుని, "అన్నా, వదినను పిల్చుకొని ఒకసారి మా అంగడికి రా" అన్నాను.

"ఏమంటివి?"

"మా అంగడికి రమ్మంటాండా."

ఆయన ఫోను పక్కకు పెట్టి వదినతో గట్టిగా చెప్పడం నాకు వినపడింది.

"విన్నావా, పాప ఆ అంగడిని మా అంగడి అంటాండాది. ఇంగ నాకేం దిగుల్లేదు."