బస్సులో జపించిన ఇంటిపేరు

ఇంట్లోగానీ స్నేహితులకుగానీ నేనెప్పుడూ చెప్పని సంగతి ఇది. ఉద్యోగంలో చేరిన కొత్తలో, వారం రోజులపాటు గుడియాత్తం నుంచి వేలూరు వెళ్ళే బస్సులో కూర్చుని, స్పానిష్ భాషలో రాసిన ఒక మహా రచయిత ఇంటిపేరు జపించాను. ఆ రోజుల్లో పుస్తకాలంటే ఎంత ప్రేమో, వాటి గురించి నోరు విప్పాలంటే అంత వణుకు. వేలూరులో శనివారం సాయంత్రాలు పదిమంది చేరి పుస్తకాల మీద మాట్లాడుకునేవారు. వచ్చే వారం ఆ రచయిత గురించి నన్ను చెప్పమంటే, వద్దనడానికి కూడా సిగ్గేసి తలూపి వచ్చాను. పేరే తప్పు పలికితే ఇక మళ్ళీ అక్కడికి వెళ్ళడం నావల్ల కాదు.

పలికే తీరు ఫోన్‌లో వీడియోలు విని నేర్చుకున్నాను. చివర జకారంలా కనిపించేదాన్ని సకారంగా పలకాలట, మధ్య అక్షరాన్ని ఒత్తాలట, అర్థం 'ఫలానాయన బిడ్డ' అట. డైరీలో పేజీ నిండా రాసుకున్నాను (తెలుగులోనే, మా ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా అందరూ తమిళ బడుల్లో చదివినవాళ్ళు, ఆ లిపి చదవగలిగేది నేనొక్కదాన్నే కాబట్టి నా డైరీకి తాళం అక్కర్లేదు). ఇక బస్సెక్కితే పెదాలు వాటంతటవే కదిలేవి.

నాలుగో రోజు, ఒళ్ళో అన్నం క్యారియరు పెట్టుకున్న పక్కసీటు పెద్దామె, అది ఏ దేవుడి మంత్రమని అడిగింది. కోడలు కాన్పుకని వేలూరు ఆస్పత్రిలో ఉందట, డాక్టరమ్మ ఏదీ తేల్చి చెప్పడం లేదట.

"నాకూ చెప్పు కణ్ణూ. దానికి అర్థమేమి?"

రచయిత పేరన్న సంగతి దాచి, ఫలానాయన బిడ్డ అని గొణిగాను.

"బిడ్డ అని వస్తాదా. అట్లయితే మంచిదే."

దారిలో వచ్చే పళ్ళికొండ ఊరి దాకా నా చేత గుసగుసగా చెప్పించుకుని, అక్కణ్ణుంచి తానే జపం అందుకుంది.

శనివారం రానే వచ్చింది. 'ఈయన', 'మన రచయిత', 'ఇందాక చెప్పినాయన' అంటూ ఇరవై నిమిషాలు నెట్టుకొచ్చాను. చివర్లో ఒకాయన పేరు అడిగితే, పుస్తకం అట్ట ఆయనవైపు తిప్పి చూపించాను. ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

తిరుగు బస్సులో ఆమే, ఖాళీ క్యారియరుతో. మనవడు పుట్టినాడని చెప్పి, బస్సంతా వెనక్కి తిరిగి చూసేలా ఆ ఇంటిపేరు పలికింది. సకారం, ఒత్తు, అన్నీ కుదిరాయి. ఇక ఉండబట్టలేక చెప్పేశాను: అది మంత్రం కాదని, ఒక రచయిత ఇంటిపేరని, దాన్ని నలుగురిలో పలకలేక ఇప్పుడే పారిపోయి వస్తున్నానని.

అప్పటి ఆ పిల్లను తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త జాలి కూడా. ఇప్పటికీ నలుగురిలో మాట్లాడాల్సి వస్తే, ఆమె బస్సు దిగుతూ అన్న మాటే ముందు వినిపిస్తుంది.

"ఎవురి పేరైతే ఏమమ్మా, నా మనవడు బాగుండాడు. నువ్వు గుసగుసగా చెప్తే, పట్టుకొనేదానికి నాకు పళ్ళికొండ దాకా పట్టింది. ఈ తూరి నోరు తెరిచి చెప్పు."