చూద్దాం గారు

చిన్న వ్యాపారాల సలహా కేంద్రంలో ఆయనకి ఇరవై రెండేళ్ల సర్వీసు. తల్లిదండ్రులు పెట్టిన పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా కనపడదు. ఆఫీసులో అందరికీ ఆయన ‘చూద్దాం గారు’.

పేరు ఊరికే రాలేదు. కొత్తగా వ్యాపారం పెడతామని వచ్చేవాళ్లను వద్దంటే ఆశల మీద నీళ్లు చల్లినట్టు, భేషంటే ములగచెట్టు ఎక్కించినట్టు. ఆయన ఆ రెండు పాపాలూ చేసి చూశాడు. వద్దన్న చెప్పుల దుకాణం ఇంకెవరో పెట్టి బాగుపడ్డారు. భేషన్న పూలకొట్టు ఏడాది తిరక్కుండా మూతపడింది. అప్పటినుంచి ఒకే మాట పట్టుకున్నాడు: “చూద్దాం.” వినేవాళ్లు అది వద్దనడమేనని గ్రహించి, దణ్ణం పెట్టి వెళ్లిపోయేవారు. ఎవరి మనసూ నొప్పించలేదన్న తృప్తితో ఆయన టీ తెప్పించుకునేవాడు. అదీ ఆయన గారి గొప్పతనం!

అలాంటి ఆయన దగ్గరికి ఒకావిడ వచ్చింది. ఆసుపత్రులకు యూనిఫారాలు కుట్టే వర్క్‌షాపులో పదకొండేళ్లుగా మిషన్ తొక్కుతోంది. అది మానేసి, వీధి మలుపులో ఖాళీగా ఉన్న గదిలో పాతబట్టలు సరిచేసే దుకాణం పెడతానంది.

“పొడుగు తగ్గిస్తాను, జిప్పులు మారుస్తాను, చిరుగులు కనపడకుండా కుడతాను. నా దగ్గర ఏ బట్టా చిన్నబుచ్చుకోదు సార్!”

ఆయనకి నవ్వొచ్చింది, ముచ్చటేసింది. ఆ సాయంత్రమే వెళ్లి ఆ గదికి ఎదురుగా గంటసేపు నిలబడ్డాడు. అటు నడిచింది పదకొండు మంది. అందులో నాలుగుసార్లు వచ్చింది కుక్కను తిప్పుకుంటున్న ఒకే పెద్దమనిషి. అక్కడ దుకాణం నడవదని ఆయనకి తేలిపోయింది. కానీ మర్నాడు ఎదురుగా కూర్చున్న ఆవిడ మొహం చూసేసరికి వద్దనలేకపోయాడు.

“చూద్దామమ్మా” అన్నాడు.

ఆవిడ మొహం చాటంత చేసుకుని వెళ్లింది. అప్పుడే ఆయనకి అనుమానం రావలసింది, రాలేదు.

మూడు వారాలకి ఫోనొచ్చింది. “సార్, బోర్డు పెట్టేశాను! మీరు రావాలి.”

“ఉద్యోగం?” అన్నాడాయన.

“మానేశానుగా!”

ఆయన వెంటనే వర్క్‌షాపు మేనేజరుకి ఫోన్ చేసి బతిమాలాడు. “ఆ మిషన్ మీద కొత్తమనిషి కూర్చుని వారమైంది సార్, నేనేం చెయ్యను?” అన్నాడు మేనేజరు. ఇక ఆవిడకి ఆ గదే దిక్కు. ఆయన చెయ్యగలిగిందల్లా ఒక్కటే మిగిలింది. దారిలో తన కోటు గుండీ తనే తెంపుకుని, మొదటి బేరమై వెళ్లాడు.

గది అద్దంలా తుడిచి ఉంది. మిషన్, నిలువుటద్దం, దాని పక్కన పరదా, రెండు కుర్చీలు. ఒకటి మిషన్ ముందుంది, రెండోది మెత్త వేసి కిటికీ వైపు పెట్టి ఉంది. ఆయన దాన్లో కూర్చున్నాడు. ఆవిడ గుండీ కుడుతోంది. కుక్కాయన లోపలికైనా చూడకుండా వెళ్లిపోయాడు. ఇంకెవరూ రాలేదు.

“సార్, మా అక్క ఒక మాటంది. ఆఫీసుల్లో వాళ్లు చూద్దామంటే వద్దని అర్థమట. నిజమేనా?”

ఈసారి తప్పించుకోవడానికి ఆయనకి సిగ్గేసింది. “నిజమేనమ్మా.”

ఆవిడ చేతిలో సూది ఆగింది. తిట్టినా బాగుండేది, ఆవిడ తిట్టలేదు.

“నేను వేరేలా అనుకున్నాను సార్. మీరు ‘చూడు’ అనలేదు, ‘చూస్తాను’ అనలేదు. ‘చూద్దాం’ అన్నారు. నాతోపాటు మీరూ చూస్తారనుకున్నాను.” దారం కొరికి, కోటు ఆయన చేతికిచ్చింది. “ఆ కుర్చీ మీకోసమే వేశాను.”

ఆయన కోటు తొడుక్కున్నాడు కానీ, ఆ కుర్చీలోంచి లేవలేకపోయాడు.