దొరసానమ్మ సమాధి దాకా

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులు. ఏడేళ్లొచ్చినా నేను అమ్మ చంక దిగలేదు. పసితనంలో జ్వరమొచ్చి కుడికాలు చచ్చుబడింది. గురజాల దారిలో ఉన్న పాత చర్చిలో, బతికుండగా అందరికీ వైద్యం చేసిన దొరసాని సమాధి ఉందని ఎవరో చెప్పారు. "నా బిడ్డ నీ దాకా తన కాళ్లమీద నడిచొచ్చి దండం పెడతది తల్లీ" అని అమ్మ మొక్కుకుంది. మాది హిందువుల ఇల్లే. మావైపు మొక్కుకు మతం అడ్డం రాదు. ఆనాటి నుంచి రోజూ ఆముదం కాచి నా కాలు రుద్దింది. నొప్పికి నేను తిట్టేదాన్ని, తన్నేదాన్ని కూడా, మంచి కాలుతో.

గోడ పట్టుకుని నాలుగడుగులు వేశానో లేదో, అమ్మ బండి కట్టించింది.

మెడ విరిగేలా పైకి చూసినా ఆ చర్చి కప్పు కంటికి అందలేదు. పైన మొన తేలిన కమానులు, రంగు గాజుల కిటికీలు, నాపరాళ్ల మీద ఎర్రగా నీలంగా ఎండ. గుమ్మం పక్కనే పెద్ద సమాధి. అమ్మకు చదువు రాదు. అంత పెద్దది దొరసానిదే అయ్యుంటుందనుకుని నన్ను దించింది. గోడ పట్టుకుని వెళ్లి దండం పెట్టాను. అమ్మ ఏడుస్తూ రాతికి పసుపు రాసి, కొబ్బరికాయ ఎత్తింది.

"ఏందమ్మా ఇది?" అంటూ చర్చి చూసుకునే ముసలాయన వచ్చాడు. "ఈయన ఈ గుడి కట్టించిన దొర. దొరసానమ్మ ఆ చివర, బలిపీఠం పక్కన."

ఆ చివరంటే గుడి పొడవంతా. గోడవార చాపలు చుట్టి పేర్చారు, గోడ చేతికందదు. నడిమధ్య పట్టుకోవడానికి ఏమీ లేదు. అమ్మ ముఖం వాడిపోయింది.

"ఎత్తుకుంటాలే, తల్లి ఏమనుకోదు" అని వంగింది.

నాకు ఒళ్లు మండింది. అన్నాళ్లు ఏడిపించి కాలు రుద్ది, ఇప్పుడు ఎత్తుకుపోతుందట.

"ముట్టుకోమాక. నేనే పోతా" అన్నాను.

సగం దూరంలో పడ్డాను. మోకాలు చీరుకుంది. అమ్మ పరుగెత్తబోతే ముసలాయన చెయ్యి అడ్డం పెట్టాడు. "ఆగమ్మా, లేస్తది."

లేచాను. కాలు ఈడ్చుకుంటూ వెళ్లి ఆ చల్లటి రాతిమీద రెండు చేతులూ వేశాను. దండం పెట్టడం మరిచిపోయి, వెనక్కి తిరిగి "చూశావా!" అని అరిచాను. గుడంతా నా మాటే తిరిగి పలికింది. అంత సంతోషం మళ్లీ నా పెళ్లిలో కూడా కలగలేదు.

కొబ్బరికాయ బయట మెట్టుమీద కొట్టుకోమన్నాడు ముసలాయన.

"ఎవరికి కొడతన్నావే?" అని అమ్మను అడిగాను.

"గుమ్మం కాడి దొరకే. ఆయన దోవలో అడ్డం పడకపోతే నువ్వింత దూరం నడిచేదానివా?"

బండి దగ్గరికి బయల్దేరుతూ అమ్మ అలవాటుగా నన్ను చంకకెత్తుకోబోయి వంగింది. నేను ముందు నడిచాను.