గట్టిమేస్త్రి కోయించిన బోల్టులు

వర్క్‌షాపులో ఆయన్ని అందరూ గట్టిమేస్త్రి అనేవారు. తలుపు గొళ్లెం దగ్గర్నుంచి తాగే టీ దాకా ఏదైనా గట్టిగా ఉంటే తప్ప ఆయనకు మనసొప్పేది కాదు. కాంక్రీటు పునాదుల్లో నిలబెట్టే బోల్టులకు కడ్డీలు ఎంచి కోయించడం ఆయన పని. ముప్పై ఏళ్ళు చేశాడు. ఒక్కసారి తప్పితే వంక పెట్టడానికి లేదు.

ఆ ఒక్కసారి, గోదాము స్తంభాలకు బోల్టులు కావలసి వచ్చాయి. డ్రాయింగులో మైల్డ్ స్టీలు, అంటే మెత్తటి ఉక్కు, అని రాసి ఉంది. స్టాకులో అది నిండుకుంది. పక్కనే గేర్ల కోసం తెప్పించిన గట్టి ఉక్కు కడ్డీలు మిలమిలలాడుతున్నాయి. అడిగినదానికన్నా మంచిదిస్తే కాదనేదెవరు అనుకుని అవే కోయించేశాడు. ఎవరికైనా చెప్పాలని కూడా తోచలేదు మహానుభావుడికి.

సైటులో వాటిని బిగించేది సొంత తమ్ముడే. కాంక్రీటు పోసేటప్పుడు రెండు బోల్టులు పక్కకి ఒరిగాయి. కాంక్రీటు గట్టిపడ్డాక తమ్ముడు ఎప్పట్లాగే వాటిని గ్యాసు మంటతో ఎర్రగా కాల్చి, పైపు తొడిగి నిటారుగా వంచి, నీళ్ళు కొట్టి చల్లార్చాడు. మెత్తటి ఉక్కయితే లొంగి ఊరుకునేది. ఈ గట్టి ఉక్కు మాత్రం కాల్చి నీళ్ళు కొట్టేసరికి గాజులా పెళుసెక్కింది. మర్నాడు స్తంభం నిలబెట్టి నట్టు బిగిస్తుంటే ఒక బోల్టు పుటుక్కున విరిగింది. స్తంభం ఒరిగి ఒక కూలీ కాలు నలిగిపోయింది.

"ఎవడు కాల్చమన్నాడు నిన్ను?" అంటూ ఇంజనీరు తమ్ముడి మీద విరుచుకుపడ్డాడు. పక్కనే ఉన్న గట్టిమేస్త్రికి తను చేసిన పని అప్పుడు అర్థమైంది. నోటిదాకా వచ్చిన మాట భయంతో మింగేశాడు. తమ్ముణ్ణి పనిలోంచి తీసేశారు. ఆ తర్వాత ఎవరూ అతని చేతికి పానా ఇవ్వలేదు. చివరికి ఓ అపార్ట్‌మెంటు గేటు దగ్గర వాచ్‌మన్‌గా కుదిరాడు. ఇద్దరూ కలిసినప్పుడల్లా పిల్లల గురించి మాట్లాడుకునేవారు, బోల్టుల ఊసెత్తేవారు కాదు.

పదకొండేళ్ళ తర్వాత, రిటైరైన వారానికి, సిగ్గు చంపుకుని ఆయన ఆ గేటు దగ్గరికి వెళ్ళాడు.

"ఒరేయ్, ఆ బోల్టు..."

"గట్టి ఉక్కు. తెలుసన్నయ్యా."

"ఎప్పుడు తెలిసింది?"

"విరిగిన ముక్క చేతిలోకి తీసుకోగానే. మెత్తదైతే సాగుతుంది గానీ అలా తెగదు."

"మరి అప్పుడే చెప్పలేదేంట్రా?"

"నువ్వు చెప్తావనుకున్నా. ఏడాది చూశా."

కారు హారన్ వినిపిస్తే తమ్ముడు లేచి గేటు తీశాడు, వేశాడు, వచ్చి కూర్చున్నాడు. గట్టిమేస్త్రికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఇప్పుడైనా వెళ్ళి చెప్తాన్రా."

"ఎవరికన్నయ్యా?"

ఇంజనీరు చనిపోయి నాలుగేళ్ళయింది. ఆ గోదాము కట్టిన కంపెనీ ఎప్పుడో మూతపడింది.