బోరు నీళ్ళ చేపలు

మా జిల్లా నీళ్ళంటే నాకు చిన్నప్పటి నుంచీ పగ. ఊళ్ళో ఫ్లోరైడ్ నీళ్ళు తాగి నా పళ్ళన్నిటికీ గోధుమరంగు చారలు పడ్డాయి. నవ్వొస్తే చెయ్యి తనంతట తానే నోటికి అడ్డం పోతుంది. పెళ్ళి ఫొటోల్లో కూడా మూతి బిగించుకునే ఉంటాను.

అందుకే 2010లో, సూర్యాపేటలోని కిరాయి ఇంట్లో చేపల తొట్టి పెట్టినప్పుడు బోరు నీళ్ళను దాని దరిదాపులకు రానివ్వలేదు. మిర్యాలగూడలో ఒక చేపల కొట్టులో ఆరు చేపలు కొన్నాను. కొన్ని పసుపుపచ్చవి, కొన్ని నీలివి. ఆఫ్రికాలో ఏదో సరస్సులో రాళ్ళ సందుల్లో బతికే జాతి అని కొట్టాయన చెప్పాడు. నడిగూడెం దారిలో ఏరుకొచ్చిన రాళ్ళను గుహల్లా పేర్చి, మేము తాగే మినరల్ వాటర్ క్యాన్లు ఆరు అందులో వంచాను.

"బియ్యం కడగనీకి బోరు నీళ్ళే వాడుతున్నం. చేపలకు క్యాన్ నీళ్ళా? జర మీకేమన్న అయిందా?" అంది మా ఆవిడ.

"నా పళ్ళు సూసి కూడ గట్లంటవా?" అన్నాను.

నెల తిరిగేసరికి చేపల రంగు వెలిసిపోయింది. రెక్కలు ముడుచుకుని రాళ్ళ వెనక నక్కేవి. ఒక నీలిది చచ్చిపోయింది. నీళ్ళు ఇంకా శుభ్రంగా ఉండాలేమోనని వేరే చోటి నుంచి క్యాన్లు తెప్పించాను. ఇంకొకటి పోయింది. నాకు బుర్ర పనిచేయక మిర్యాలగూడ బస్సెక్కాను.

"ఏం నీళ్ళు పోస్తున్నరు సార్?" అన్నాడు కొట్టాయన. గొప్పగానే చెప్పాను. ఆయన తల పట్టుకున్నాడు. "గీ చేపలకు సున్నం పేరుకునే నీళ్ళే కావాలె సార్. నేను పోసేది బోరు నీళ్ళే. ఒక్కసారే గాకుండ రోజుకింత మార్చుండ్రి."

తిరుగు బస్సులో ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు. నా పళ్ళు పాడుచేసిన నీళ్ళు వీటికి ప్రాణం పోస్తాయంటే ఎట్లా నమ్మేది? నమ్మకపోతే మిగిలిన నాలుగూ పోతాయి. ఇంటికొచ్చి సంగతి చెప్తే మా ఆవిడ నవ్వలేదు, దెప్పలేదు. వెళ్ళి బోరు కింద బకెట్ పెట్టింది.

కొన్నాళ్ళకు చేపల రంగు తిరిగొచ్చింది. హమ్మయ్య అనుకునేలోపే ఒక పసుపుపచ్చ చేప తిండి మానేసింది. గొంతు ఉబ్బింది. నోరు బిగించుకుని, గింజలు వేస్తే పక్కకు తప్పుకుంటోంది. అయిపోయింది, ఈ నీళ్ళు దీన్నీ పట్టుకున్నాయనుకున్నాను. బకెట్‌లో మళ్ళీ క్యాన్ నీళ్ళు పోసి, వల తీసుకున్నాను.

"ఆగుండ్రి. ముందు ఆయనకు ఫోన్ చెయ్యుండ్రి," అంది మా ఆవిడ.

ఫోన్‌లో కొట్టాయన అరిచినంత పని చేశాడు. "పట్టకుండ్రి సార్! దాని నోట్ల గుడ్లున్నయి. బెదిరిస్తే ఉమ్మేస్తది, లేకుంటే మింగేస్తది. పిల్లలయ్యేదాక అది తిండి ముట్టదు."

వల చేతిలోనే ఉండిపోయింది. మూతి బిగించుకోవడానికి ఇలాంటి కారణం కూడా ఉంటుందని నాకేం తెలుసు?

ఆ తర్వాత దాదాపు మూడు వారాలు తొట్టి ముందే కూర్చున్నాను. చేప చిక్కిపోతోంది. కొట్టాయన పొరబడ్డాడేమోనని రోజూ భయమే. ఒక ఆదివారం పొద్దున అది రాతి పక్కకు జరిగి నోరు తెరిచింది. బియ్యపు గింజంత పిల్లలు ఒక్కొక్కటే బయటికొచ్చాయి.

నేను పగలబడి నవ్వాను. అలవాటుగా చెయ్యి పైకి లేచింది. బోరు నీళ్ళ బకెట్ తెస్తున్న మా ఆవిడ దాన్ని కిందపెట్టి, తడి చేత్తో నా చెయ్యి పట్టుకుంది.

"ఉండనీయుండ్రి," అంది.