గోగునార యార్డుకు పొద్దున్నే వెళ్ళిన పరిశోధకుడు

గోగునార రైతు ప్రభుత్వ మార్కెట్ యార్డుకు ఎందుకు రాడో ఇరవై పేజీల్లో తేల్చేశాను, ఒక్క యార్డూ చూడకుండా. కారణం రైతు అజ్ఞానమని రాశాను. విజయనగరంలో మా కాలేజీ పంకా కింద కూర్చుంటే ఇతరుల అజ్ఞానం చాలా స్పష్టంగా కనిపించేది. ఢిల్లీ పత్రిక సంపాదకుడు, ఆయనా ఒక ఆచార్యుడే, "రచయిత కుర్చీలోంచి లేచినట్టు లేదు" అని రాసి వ్యాసం తిప్పి పంపాడు. నెలలోగా సరిచేస్తే మళ్ళీ చూస్తానన్నాడు. అది అచ్చయితేనే నా లెక్చరర్ ఉద్యోగం పర్మనెంటు. కాబట్టి లేచాను.

అవి అరవైల చివరి రోజులు. మంచు కాలం. నాలుగున్నరకు శృంగవరపుకోట వైపు బస్సెక్కాను. టిక్కెట్టు కోస్తూ కండక్టరు, "యార్డు కాడ దింపాలా? అక్కడ దిగినోల్ని నానెప్పుడూ సూళ్ళేదు బాబూ" అన్నాడు.

ఆరింటికి దిగాను. ఊరి పేరు చెప్పను. యార్డు గేటుకు తాళం. రోడ్డుకు ఈవల మాత్రం నారకట్టల గుట్టలు, పచ్చి నార వాసన, షావుకారు కాటా. సింహాచలం అనే రైతు నన్ను ఎగాదిగా చూశాడు.

"నార కొంటారేటి బాబూ?"

"కాదు, దాని గురించి రాస్తాను. యార్డుకెందుకు వెళ్ళవు?"

"తాళం సూసినారు కదా. గుమస్తా బాబు పదింటికి దిగుతాడు. ఈలోగా ఎండెక్కి మంచు ఆరిపోద్ది, తూకం పడిపోద్ది. షావుకారు తేమని తరుగు తీస్తాడు, నిజమే. ఆడితో తగువాడొచ్చు. తాళంతో ఏటి తగువాడతాను?"

పక్కనున్న అతని బావ నవ్వాడు. "ఈడు తగువుకే వస్తాడు బాబూ, నార ఒక వొంక."

నార అమ్ముడైపోయి ఎనిమిదికల్లా రోడ్డు ఖాళీ. రెండు ఇడ్లీలు తిని కూర్చున్నాను. పదింబావుకు గుమస్తా వచ్చి తాళం తీసి, ఊడ్చిన ఖాళీ యార్డు చూపించాడు. "సూసారా సార్, ఈళ్ళకి తెలివి లేదు." నా ఇరవై పేజీలూ ఆయన ఒక్క ముక్కలో చెప్పేశాడు. సిగ్గేసింది.

ఒంటిగంట బస్సులో, మోకాళ్ళ మీద కాగితాలు పెట్టుకుని, అజ్ఞానం కొట్టేసి ఆఫీసు వేళలు రాశాను. గతుకులకు అక్షరాలు ఎగిరాయి. ఆ రోడ్డు మీద అంత హాయిగా మళ్ళీ ఎన్నడూ ఎగరలేదు. వ్యాసం అచ్చయింది, ఉద్యోగం నిలిచింది.

ఆ బస్సులో సంపాదకుడి మీద కోపం మాత్రం విజయనగరం దగ్గరపడే దాకా పోలేదు. అక్కడ పేజీ అడుగున ఆధారాలు చూపే అధోజ్ఞాపికల క్రమం మార్చాను. మొదటిది: సింహాచలం, గోగునార రైతు. రెండోది, ఆయన కింద: సంపాదకుడుగారి గ్రంథం. పాపం, అలాగే అచ్చువేశాడు.