గిటారు తల మీద పేరు

నా చిన్నప్పుడు దుబాయ్ పక్కనున్న అజ్మాన్‌లో ఒకే ఫ్లాట్‌లో మేమూ, ఇంకో కుటుంబమూ సర్దుకుని ఉండేవాళ్ళం. మాస్కు లేకుండా లిఫ్టు కూడా ఎక్కనివ్వని రోజులవి. మాది గోదావరి జిల్లా. నాన్న కంపెనీ బస్సు నడిపేవాడు, అమ్మ ఒక విల్లాలో వంటపని చేసేది. పక్కగదిలో నెల్లూరు నుంచి వచ్చిన బాబాయి, పిన్ని ఉండేవారు. బాబాయి అంటే పిలుపుకే. వాళ్ళ మతం వేరు, పొయ్యి వేరు. అయినా రంజాన్ నెలలో పిన్ని చేసిన సమోసాల్లో సగం నా కడుపులోకే వెళ్ళేవి. బాబాయి దుబాయ్‌లో డేరా అనే పేటలో ఒక వాయిద్యాల కొట్టులో గిటార్లు బాగుచేసేవాడు.

అమ్మ పనిచేసే ఇంట్లో మెడ విరిగిన గిటారొకటి మూలన పడి ఉండేది. వాళ్ళు పారేస్తామంటే అమ్మ అడిగి తెచ్చింది. బాబాయి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, విరిగినచోట జిగురు పెట్టి, గట్టిగా బిగించి, వారం రోజులు తన మంచం కింద దాచాడు. ఎనిమిదో రోజున కొత్త తీగలు వేసి నా ఒళ్ళో పెట్టాడు. ఆన్‌లైన్ క్లాసు అయిపోవడం ఆలస్యం, దాని మీదే ఉండేదాన్ని. ఆయన చెప్పినట్టు వాయించి వాయించి నా వేళ్ళ కొసలు కాయలు కాచాయి.

మాస్కులు పోయిన ఏడాది మన తెలుగువాళ్ళంతా కలిసి పిల్లల కార్యక్రమం పెట్టారు. నేనూ పేరిచ్చాను. రిహార్సల్‌కి వెళితే అక్కడ ఇద్దరు అమ్మాయిల దగ్గర పెద్ద పేరున్న అమెరికా గిటార్లున్నాయి. వాళ్ళు నా గిటారు తల మీది కొరియా కంపెనీ పేరును కూడబలుక్కుని చదివి, ఈ పేరు ఎప్పుడూ వినలేదే అని ఒకరినొకరు చూసుకుని నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. అసలే నాకు రోషం ఎక్కువ. ఇంటికి వస్తూ మా బిల్డింగ్ కింది జిరాక్సు కొట్టులో ఆ అమెరికా పేరును స్టిక్కరుగా వేయించుకున్నాను. కొరియా పేరు కనపడకుండా దాని మీద గట్టిగా అతికించేశాను. ఇక నన్ను చూసి ఎవరు నవ్వుతారో చూద్దామనుకున్నాను.

సాయంత్రం బాబాయి వచ్చీరాగానే పట్టేశాడు. గిటారు తల ఆకారం చూసి ఎవరు చేశారో చెప్పగల మనిషి ఆయన.

“ఏందమ్మా ఇది? ఎవురంటించింది?” అన్నాడు.

నేనేనని ఒప్పుకున్నాను. ఆయన తిట్టలేదు. టీ గ్లాసు పట్టుకుని నా పక్కనే నేల మీద కూర్చుని ఆ కంపెనీ కథ మొదలుపెట్టాడు. వాళ్ళు మొదట్లో పియానోలు చేసేవారట. తర్వాత గిటార్లకు దిగారట. చెక్క కోసేదీ, మెడ చెక్కేదీ, రంగు వేసేదీ అన్నీ వాళ్ళే. కానీ ఏళ్ళ తరబడి ఆ గిటార్ల తల మీద వేరే దేశాల కంపెనీల పేర్లే ఉండేవట. ఆర్డరు ఎవరిదో పేరు వాళ్ళది, పని మాత్రం వీళ్ళది. అలా పైవాళ్ళకు చేసిపెడుతూనే బాగా చేయి తిరిగాక, చివరికి ఒకనాడు తమ పేరే తల మీద వేసి దేశదేశాలకు పంపారట. డేరా కొట్టుకు ఆ పేరుతో వచ్చిన మొదటి పెట్టె విప్పింది మా బాబాయే.

“మా ముదీర్, అదే మా మేనేజరు, ఈ పేరు ఎవుడు కొంటాడన్నాడు. పండగ లోపల ఖలాస్, ఒక్కటి మిగల్లా!” అన్నాడు, ఆ ఫ్యాక్టరీ తన సొంతమైనంత సంబరంగా. తర్వాత గిటారు తల నిమిరి, “వాళ్ళు అన్నేళ్ళు తిప్పలు పడి ఏసుకున్న పేరమ్మా ఇది. నువ్వు దాని మీద మళ్ళా పరాయి పేరే అంటించినావు గదా” అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. ఆ ఏడుపులోనే స్టిక్కరును ఒక్క లాగు లాగాను. దాంతోపాటు కింద ఉన్న బంగారు రంగు అక్షరం ఒకటి ఊడి వచ్చేసింది. మర్నాడు బాబాయి కొట్టు నుంచి సన్న కుంచె తెచ్చి ఆ అక్షరం మళ్ళీ రాశాడు. కళ్ళజోడు పాతదవడంతో అది కాస్త వంకరగా వచ్చింది. ఆయన రాస్తుంటే నాకో అనుమానం వచ్చింది.

“మరి నువ్వు బాగుచేసినవాటి మీద నీ పేరెక్కడుంటుంది బాబాయ్?” అని అడిగాను.

“రిపేరు చేసేవోడికి పేరేందమ్మా! బిల్లు మీద కొట్టు పేరుంటది గదా” అని నవ్వేశాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

కార్యక్రమం రోజున ఒక్క తీగ కూడా తప్పు మోగలేదు. హాలంతా చప్పట్లు. మైకు పట్టుకున్న ఆంటీ మురిసిపోయి, ఇంత మంచి గిటారు ఎక్కడ కొన్నావమ్మా అని అడిగింది. కొనలేదని చెప్పాను. ఎవరో పారేస్తే అమ్మ తెచ్చిందన్నాను. కొరియావాళ్ళు చేశారని, వాళ్ళ పేరును ఒక్కొక్క అక్షరం విడదీసి మరీ చదివాను. మెడ విరిగితే ఎవరు అతికించారో, నాకు ఎవరు నేర్పారో కూడా చెప్పి, మా బాబాయి పేరు ఇంటిపేరుతో సహా మైకులో గట్టిగా పలికాను. అందరూ వెనక్కి తిరిగారు. చివరి వరసలో పిన్ని, “నిన్నేనయ్యా, లెయ్” అంటూ ఆయన్ని మోచేత్తో పొడుస్తోంది. బాబాయి లేచి నిలబడ్డాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబులు తడుముకున్నాడు. నా పాటకంటే ఆయన పేరుకే చప్పట్లు ఎక్కువసేపు మోగాయి. అంత గర్వం నాకు జీవితంలో మళ్ళీ కలగలేదు. నన్ను చూసి నవ్విన అమ్మాయిలిద్దరూ తమ గిటార్లు పట్టుకుని ఆయన చుట్టూ చేరారు.

ఆ తర్వాత డేరా కొట్టుకు జనం ఆయన్ని పేరుతో అడుగుతూ రావడం మొదలైంది. కొన్నాళ్ళకు ముదీర్ రిపేరు బల్ల మీద ఆయన పేరుతో చిన్న బోర్డు పెట్టించాడు. నాన్నతో వెళ్ళి దాన్ని కళ్ళారా చూసి వచ్చాను.

ఇప్పుడు నా జుట్టు నెరిసింది. మంచం చేసిన వడ్రంగినైనా, జాకెట్టు కుట్టినావిడనైనా ముందు పేరు అడిగి తెలుసుకుంటాను. నలుగురిలో ఆ పేరు చెప్తాను. ఆ గిటారు ఇంకా నా దగ్గరే ఉంది. ఆ వంకర అక్షరాన్ని సరిగ్గా రాయిద్దామని మా మనవరాలు ఎన్నిసార్లు అడిగినా నేను ఒప్పుకోను. గిటారంతా కొరియావాళ్ళు చేసిందే, ఆ ఒక్క అక్షరం మాత్రం మా బాబాయి రాసింది.